గురుడూ శనీ, నా దవడ పన్నూ

ఇంకాస్త పెద్దగా తెరవండమ్మా అంటున్నాడు పళ్ళ డాక్టరు. ఈ యాభై ఏళ్ళ బతుకులో నన్ను నోరు తెరవమని బతిమాలిన మగవాడు ఇతనొక్కడే, మిగతావాళ్ళంతా, మా నాన్నతో మొదలుపెట్టి మా ఆయన దాకా, కాస్త మూయవే తల్లీ అన్నవాళ్ళే. తెరిచాను. కుర్చీని వెనక్కి వాల్చేశాడు, కాళ్ళు పైకి, తల కిందికి. ఇక నాకు కనిపించేవి రెండే, నెత్తిమీద దీపం ఒకటి, ఆ పక్కన కిటికీ పైభాగం ఒకటి. కిటికీలో చారెడు ఆకాశం, అందులో ఎదురుగా ఉన్న సీసాల ఫ్యాక్టరీ పొగగొట్టం, దాని మీద తీరిగ్గా లేస్తున్న పొగ. హమ్మయ్య, పొగ ఉంది. పొగ ఉన్నంతసేపు బట్టీలో నిప్పున్నట్టే, నిప్పున్నంతసేపు నా కూతురికీ దానితోటివాళ్ళకీ పని ఉన్నట్టే. ఇంకాసేపట్లో మంచి గడియ వస్తుంది. వచ్చి పోయేలోపు ఆ పొగ ఉంటుందో ఆగుతుందో ఆ దేవుడికే తెలియాలి, ఎందుకంటే గడియ పెట్టిన నాకు తెలియడం లేదు. అవును, పెట్టింది నేనే. ఎవరికి పెట్టానంటే, అక్కడే వచ్చింది చిక్కు. సమ్మె చేసేవాళ్ళకీ నేనే పెట్టాను, గేటుకి తాళం వేసేవాడికీ నేనే పెట్టాను, ఇద్దరికీ ఒకే గడియ. అది చాలనట్టు, అంత మంచి గడియ ఊరికే పోతుందే అని పీకులాడి నా పన్నుకి కూడా అదే పెట్టుకున్నాను. ఇప్పుడు కింద ఏం జరిగినా లేచి చూడ్డానికి లేదు, కేకెయ్యడానికి లేదు, నోటినిండా దూది.

సూది వేస్తున్నానమ్మా, చీమ కుట్టినట్టుంటుంది అన్నాడు. చీమట! ఏ ఊరి చీమో, నేనెప్పుడూ చూడలేదు. కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి, ఆ తర్వాత ఎడమ చెంప మెల్లగా నాది కాకుండా పోయింది, తర్వాత పెదవి, తర్వాత సగం నాలుక. మా సిసింద్రీ పోయినవారం వచ్చినప్పుడు దాని ముఖం కూడా ఇలాగే బిగుసుకుపోయి ఉంది. సిసింద్రీ అంటే నా కూతురు, చిన్నప్పుడు కాలు నిలవక అలా పేరు పడింది, ఇప్పుడు ఫ్యాక్టరీలో లీడరమ్మ అంటారు గానీ నాకు సిసింద్రీయే. దాని పని వెలుతురు పలక ముందు కూర్చుని వరసగా వచ్చే సీసాల్లో పగుళ్ళు పట్టుకోవడం, దాని అసలు పని పగుళ్ళు కనిపించినచోటల్లా నోరు చేసుకోవడం. నోరు నాదే, ఎక్కడికి పోతుంది. వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. చెప్పులు విప్పలేదు, లోపలికి రాలేదు, గుమ్మాన్ని గోటితో గీకుతూ ఉంది.

"అమ్మా, ఇవన్నీ నేను నమ్మనని నీకు తెలుసుగా."

"తెలుసు. చెప్పు."

"బట్టీవాళ్ళు ముహూర్తం లేకుండా కదలమని కూర్చున్నారే. మంచిదేదో చూసి ఒకటి పెట్టు. నేనడిగానని మాత్రం ఎవరికీ చెప్పకు, నా పరువు పోతుంది."

నవ్వు ఆపుకోవడానికి నేను పడ్డ పాట్లు ఇంతా అంతా కాదు. పదేళ్ళ వయసులోనే నా పంచాంగం మీద పప్పుగిన్నె పెట్టిన పిల్ల, గ్రహాలకి మన ఊసే తెలీదమ్మా, వాటి పాటికి అవి తిరుగుతుంటాయి అని నాకే పాఠం చెప్పిన పిల్ల, ముహూర్తం కోసం నా గుమ్మంలో! కానీ బట్టీవాళ్ళ సంగతి బట్టీవాళ్ళది. ఒకసారి ముట్టిస్తే ఏళ్ళ తరబడి ఆరని నిప్పుతో కాపురం చేసేవాళ్ళు, ముట్టించడానికి ముహూర్తం, జట్టు మారడానికి ముహూర్తం, మరి పని మానడానికి మాత్రం అక్కర్లేదా? న్యాయమే. ఓనరు రాత్రి షిఫ్టు ఎత్తేస్తానంటున్నాడు, ఎత్తేస్తే సగానికి సగం ఇళ్ళల్లో పొయ్యి వెలగదు. అందుకని మంచి గడియలో అందరూ బయటికొస్తారు, ఒక్క జట్టు మాత్రం లోపలే ఉండి బట్టీకి మేత వేస్తుంటుంది, అదీ దీని ఏర్పాటు. ఆ ఒక్క జట్టు లేకపోతే ఏమవుతుందో నాలాంటి దానికి కూడా తెలుసు. బట్టీ చల్లారితే లోపలి గాజంతా గడ్డకట్టుకుపోతుంది, బట్టీని పగలగొట్టి పారేయడమే, మళ్ళీ కట్టే తాహతు ఓనరుకి లేదు. అప్పుడు సమ్మె ఎవరు గెలిచినా ఇద్దరి చేతికీ చిప్పే.

"పిన్నిగారూ, గేటు దగ్గరికి వచ్చేస్తున్నారండీ జనం!" అంది నర్సమ్మ కిటికీ దగ్గర్నుంచి. ఈ నర్సమ్మ తమ్ముడు కూడా అందులో ఉన్నాడు, అందుకని డాక్టరు ఎంత పిలిచినా ఆమె ఒక కాలు కుర్చీ దగ్గరా ఒక కాలు కిటికీ దగ్గరా. "మా వాడు నీలం చొక్కా వేసుకొచ్చాడండీ, ఇస్త్రీ కూడా చేయించాడు." సమ్మెకి ఇస్త్రీ చొక్కా! బాగుంది, పెళ్ళిచూపులకి కూడా వీళ్ళు ఇంత శ్రద్ధగా పోరు. సిస్టర్, గొట్టం పట్టుకోండి అన్నాడు డాక్టరు విసుగ్గా. నా నోట్లో గొట్టం గుర్రుగుర్రుమంటూ ఉమ్మంతా పీలుస్తోంది, నేను లోపల దాచుకున్న మాటల్ని కూడా పీలుస్తుందేమోనని ఒక భయం.

ఎందుకంటే దాచుకున్న మాట ఒకటుంది మరి. సిసింద్రీ వచ్చి వెళ్ళిన మర్నాడే, మిట్టమధ్యాహ్నం, పెరటి మెట్ల మీద నుంచి చేతిరుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఓనరు వచ్చాడు. అంత పొట్టకి ఆ రుమాలేం అడ్డం, వీధివీధంతా చూసే ఉంటుంది. ఓనరంటే పులీ సింహమూ అనుకునేరు, బీపీ మాత్రలు లేకుండా రెండు మెట్లెక్కలేడు. వాళ్ళ నాన్నకి ముహూర్తాలు పెట్టింది మా నాన్న, ఇతనికి నేను, అలా వస్తోంది. కుర్చీలో కూర్చుని, గుప్పిట్లో తాళాల గుత్తి గలగలలాడిస్తూ, నా ముఖం చూడకుండా గోడకి చెప్పాడు, గేటు దగ్గర నలుగురిలో ఒక గట్టి మాట చెప్పాలమ్మా, దానికి గడియ కావాలి అని. తాళాల గుత్తి పట్టుకుని చెప్పే గట్టి మాట ఏమిటో కనిపెట్టడానికి జ్యోతిషం చదవాలా? అందరినీ బయటికి పంపి తాళం వేస్తాడు. మీ అమ్మాయికి చెప్పరుగా అన్నాడు మళ్ళీ, చిన్నపిల్లాడిలా. ఇక్కడి మాట అక్కడా అక్కడి మాట ఇక్కడా మోసేదాన్నయితే నా గుమ్మం ఇన్నేళ్ళు అరిగేదా అన్నాను. అని పంచాంగం తీశాను. తీస్తే ఏముంది, వారమంతా ఎడారి, ఎటు చూసినా వర్జ్యాలూ దుర్ముహూర్తాలూ, మధ్యలో ఒకే ఒక్క మంచి గడియ, అది నిన్ననే నా కూతురికి ఇచ్చేశాను.

ఏదో ఒక చచ్చుగడియ అంటగట్టి పంపేయొచ్చు. పంపేయాలనే ఉంది, కన్నకూతురు కదా అవతల. నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ అబద్ధం నాకు చేతకాదు. దాచమంటే ఎంతైనా దాస్తాను, లేనిది ఉందనీ ఉన్నది లేదనీ మాత్రం నా నోట రాదు, ఆకాశంలో ఉన్నదే చెప్పు, నీ ఇష్టం వచ్చింది చెప్పకు అని మా నాన్న చెవి మెలేసి నేర్పాడు. ఆ చెవి ఇప్పటికీ కొంచెం పెద్దదిగానే ఉంటుంది. ఇచ్చేశాను. ఇచ్చి, ఆయన మెట్లు దిగాక తలుపేసుకుని, ఓసి దిక్కుమాలినదానా, ఎంత పని చేశావే అని నెత్తి మొత్తుకున్నాను. చెప్తే ఓనరుకి ద్రోహం, చెప్పకపోతే కూతురికి ద్రోహం, ముందు నుయ్యి వెనక గొయ్యి. అదే గడియకి ఇది అందరినీ బయటికి తెస్తుంది, అదే గడియకి ఆయన పంతంలో బట్టీ మాట మర్చిపోయి తాళం వేస్తాడు, ఆ ఒక్క జట్టూ గేటు బయటే పడుతుంది, సాయంత్రానికి బట్టీ చల్లబడుతుంది. అప్పుడు తెలుస్తుంది మా సిసింద్రీకి, ఓనరుకి గడియ పెట్టింది వాళ్ళమ్మేనని. అది నన్ను క్షమించదు. అరిచేరకం కాబట్టి అరిస్తే భయం లేదు, అరవకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోతే నేను బతకలేను.

బర్రుమని మర మొదలుపెట్టాడు డాక్టరు. నొప్పి లేదు గానీ ఆ మోత పుర్రెలోంచి అరికాళ్ళ దాకా దిగుతోంది, ఎక్కడో రోడ్డు తవ్వుతున్నట్టుంది, ఆ రోడ్డు నేనే. దీపం వంక చూస్తూ పడుకున్నాను. గుండ్రటి దీపం, దాని పక్కన చిన్న దీపం, గురుడూ శనీ అనుకుందాం. గురుడంటే పైవాళ్ళ గ్రహమే అమ్మడూ అని చెప్పేవాడు నాన్న, వేడి నీళ్ళ పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని బొగ్గుతో నేల మీద గీస్తూ. సింహాసనాలు, ఖజానాలు, పెద్దరికాలు, అన్నీ గురుడివి. శని కిందివాళ్ళ గ్రహం, చెమట, ఇనుము, ఓపిక, కుంటుకుంటూ నడుస్తాడు గానీ ఆగడు. ఇరవై ఏళ్ళకొకసారి ఇద్దరూ ఒకే రాశిలోకి వస్తారు, వచ్చినప్పుడల్లా లోకం తలకిందులవుతుంది, రాసిపెట్టుకో! నేను రాసిపెట్టుకోలేదు, కడుపులో పెట్టుకున్నాను.

మొదటిసారి వచ్చినప్పుడు నాకు పదేళ్ళు. తెల్లారి లేచేసరికి వీధిలో ఒక్క కొట్టు తెరవలేదు, బండి కదల్లేదు, ఎక్కడెక్కడి ఆఫీసులవాళ్ళూ పని మానేశారట, పెద్ద కుర్చీలో ఉన్నాయన దిగిపోయాడట. నాన్న సంతోషం చూడాలి! చెప్పానా, నేను చెప్పానా అని ఒళ్ళు తెలీకుండా వసారా అంతా తిరుగుతుంటే, చెప్పారు సరే, పాలెక్కడ అంది అమ్మ గిన్నె చూపించి. ఆ ప్రశ్నకి ఏ గ్రహమూ జవాబు చెప్పలేదు. అమ్మ నన్ను సందుల్లోంచి పంపింది, సందుల్లో అయితే లోకం తలకిందులు కాలేదు, గోడల మీంచి ఒకళ్ళకొకళ్ళు పాలూ రొట్టే అందించుకుంటున్నారు, కుట్టుమిషనాయన గుమ్మంలో కూర్చుని ఊరికే గుండీలు కుట్టిపెడుతున్నాడు. పెద్ద రోడ్డు మధ్యలో పిల్లలం వెల్లకిలా పడుకున్నాం, బండ్లు రావని తెలిసి. రోడ్డు వెచ్చగా ఉంది. తలకిందులవడం ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదే అనుకున్నాను. ఇప్పుడూ వెల్లకిలానే పడుకున్నాను, కానీ అంత బాగా లేదు.

రెండోసారికి నాకు ముప్పై, మా సిసింద్రీకి ఎనిమిది. అప్పటికి నాన్న పోయాడు, రాశులన్నీ నా నెత్తిన పడ్డాయి, ఆర్నెల్ల ముందే చెప్పాను అందరికీ, మళ్ళీ వస్తోంది, గింజలు కొని పెట్టుకోండి అని. వచ్చింది. చదువుకునే పిల్లలు వేలల్లో రోడ్డెక్కారు. మేడ మీంచి చూపిద్దామని దీని చెయ్యి పట్టుకుని నిలబడ్డాను, ఒక్క క్షణం చెయ్యి విదిలించుకుంది, అంతే, లేదు! చెప్పులు లేకుండా ఆ ఊరేగింపులో పడి పరిగెత్తాను, నా బిడ్డ, నా బిడ్డ అని ఏడుస్తూ. దొరికింది ఎక్కడంటే, ఒక పొడుగుపాటి కుర్రాడి భుజాల మీద, మహారాణిలా. మాకేం కావాలి అని ముందువాళ్ళు అరుస్తుంటే ఇది గొంతు చించుకుని ఐస్‌క్రీమ్ అంటోంది, వెనక వరసలన్నీ పొట్ట పట్టుకుని నవ్వుతూ ఐస్‌క్రీమ్ ఐస్‌క్రీమ్ అంటున్నాయి. దాన్ని దింపుకుని వీపు మీద ఒక్కటిచ్చి, ఆనక ఐస్‌క్రీమ్ కొనిపెట్టాను. ఆ రోజే తెలిసి ఉండాలి నాకు, ఇది వెలుతురు పలక ముందు ఊరుకునే రకం కాదని. గ్రహాలు అక్కర్లేదు అందుకు.

మా ఆయన వ్యాను నడుపుతాడు, దేన్నీ నమ్మడు, రోడ్డు మీది గుంటల్ని తప్ప. మీ శని ఇరవై ఏళ్ళకోసారి గురుడి ఇంటికొస్తాడు, మా అన్నయ్య ఏడాదికోసారి మనింటికొస్తాడు, లోకం తలకిందులయ్యేది రెండోదానికే అంటాడు. అననీ. రెండేళ్ళ నుంచి చెప్తున్నాను నేను, మూడోసారి వస్తోంది, ఈసారి మామూలుగా ఉండదు, ఎక్కడెక్కడి మేడలూ కదులుతాయి అని. చెప్పేటప్పుడు ఎంత హాయిగా ఉండేదో! జనం కళ్ళు పెద్దవి చేసుకుని వినేవాళ్ళు, నాకు గొంతు లేచేది, నాన్న వసారాలో తిరిగినట్టు నేనూ లోలోపల తిరిగేదాన్ని. తీరా వచ్చి అది కదిలించింది ఏ మేడనీ కాదు, పళ్ళాసుపత్రి ఎదురుగా ఉన్న సీసాల ఫ్యాక్టరీ గేటుని. నా పిల్ల నిలబడ్డ గేటుని. ఇప్పుడు నాకు నిజమవ్వాలని లేదు. సిగ్గులేకుండా చెప్తున్నాను, నాన్నా, ఎక్కడున్నావో గానీ చెవి మెలేసినా సరే, ఈ ఒక్కసారికి మన లెక్క తప్పిపోతే బాగుండును.

"ఓనరుగారి కారండీ!" అంది నర్సమ్మ. మర ఆగింది, డాక్టరు కూడా మెడ సాచాడు. నా గుండె ఎక్కడ కొట్టుకుంటోందో తెలీలేదు, పన్నులో కొట్టుకుంటున్నట్టుంది. దిగాడండీ. చేతిలో తాళాలున్నాయండీ. జనం పక్కకి జరిగారండీ. మీ అమ్మాయి ఎదురెళ్ళింది పిన్నిగారూ. ఎదురుబొదురుగా నిలబడ్డారు. తర్వాత నర్సమ్మ మాట్లాడ్డం మానేసింది. ఓసి నీ ఇల్లు బంగారం గానూ, ఇప్పుడా నువ్వు మౌనవ్రతం పట్టేది? నేను వేళ్ళతో కుర్చీ చెయ్యి టకటకలాడించాను. "ఏం లేదండీ," అంది ఆశ్చర్యంగా, "ఏమీ చెయ్యట్లేదు. ఇద్దరూ వాచీలు చూసుకుంటున్నారు."

ఇంకా గడియ రాలేదు! అదీ సంగతి. ఎక్కడ దాటిపోతుందోనని ఈయన ముందే వచ్చాడు, బట్టీవాళ్ళు ఎక్కడ దాటిపోతుందోనని ఇదీ ముందే వచ్చింది. తాళం వెయ్యడానికి వచ్చినాయన వెయ్యలేడు, సమ్మె అనడానికి వచ్చినామె అనలేదు. మండుటెండలో, ముఖాముఖి, మధ్యలో రెండు జానెలు, ఇద్దరూ మంచి టైం కోసం కాచుకుని ఉన్నారు. ఎక్కడైనా ఉందా ఈ చోద్యం! నాకు లోపల్నుంచి నవ్వు తన్నుకొచ్చింది, గొట్టం గొరగొరమంది, కదలకండమ్మా, కదిలితే నాలుక తెగుతుంది అని గద్దించాడు డాక్టరు. తెగితే తెగనీవయ్యా, అది ఇప్పుడెలాగూ సగమే నాది.

"ఎండకి ఆయన తూలాడండీ. మీ అమ్మాయి సీసాల పెట్టె తెచ్చి బోర్లించి వేసింది, కూర్చోమని."

కూర్చున్నాడా అని అడగాలి నేను. ప్రాణం పోయినా అడగాలి. ఆఁ ఆఁ అన్నాను. అయ్యో, నొప్పిగా ఉందా అని డాక్టరు ఇంకో సూది పొడిచాడు. నాయనా, నీ చీమలు పాడుగానూ! రెండో చెంప కూడా పోయింది. కానీ నర్సమ్మ తనంతట తనే చెప్పింది, కూర్చున్నాడండీ అని, ఇంకోటి తెచ్చుకుని మీ అమ్మాయి కూడా కూర్చుందండీ అని. తర్వాత ఏం మాట్లాడుకుంటున్నారో ఇంతదూరం వినిపించదు, నర్సమ్మకి చేతులు మాత్రం కనిపిస్తాయి, అవే చెప్తోంది. ఆయన చేతులు ఊపుతున్నాడు. ఇది వేలు చూపిస్తోంది. వేలు చూపించకే, పెద్దవాళ్ళకి వేలు చూపించకూడదని ఎన్నిసార్లు చెప్పాను! ఆయన లేచాడు. అయిపోయింది. మళ్ళీ కూర్చున్నాడు. అవలేదు. ఇది లేచింది, అటూ ఇటూ తిరిగింది, వచ్చి పెట్టె ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. దగ్గరికా? దగ్గరికేనండీ.

ఆకాశంలో కూడా ఇంతే కదా, అనిపించింది ఉన్నట్టుండి. గురుడూ శనీ ఒకే రాశిలోకి వచ్చారంటే ఏమిటి, ఒకే గదిలో కూర్చున్నారనే కదా. కొట్టుకుంటారని ఎవరన్నారు? నాన్నన్నాడు, నాన్నకి వాళ్ళ నాన్న అన్నాడు, నేను ఊరంతా అన్నాను. గదిలోకి ఎవరూ తొంగిచూడలేదు. ఇరవై ఏళ్ళపాటు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూడకుండా తిరిగి తిరిగి, కూర్చున్నాక ముందు అరుచుకుంటారు, అరుచుకోరూ మరి, అన్నేళ్ళ మాటలు పోగుపడి ఉంటాయి. బయటున్నవాళ్ళకి ఆ అరుపులే వినిపిస్తాయి. ఇంత చిన్న విషయం పొయ్యి దగ్గర బొగ్గుతో గీసినన్నాళ్ళూ నాకు తోచలేదు, తల కిందికీ కాళ్ళు పైకీ పెట్టుకుంటే తోచింది.

"అయ్యయ్యో పిన్నిగారూ," అని గట్టిగా అరిచింది నర్సమ్మ, "మీరు పెట్టిన టైం ఎప్పుడో దాటిపోయింది కదండీ!" మహా రహస్యంగా పెట్టిన టైం, నర్సమ్మ దాకా తెలుసు, బాగుంది. కానీ దాటిపోయిందా? దాటిపోయిందంటే వర్జ్యం వచ్చేసింది. గేటు దగ్గర కూడా ఎవరికో తట్టినట్టుంది, ఒక గొంతు, బట్టీవాళ్ళదే అయివుంటుంది, పొగకి బొంగురుపోయిన గొంతు, గడియ పోయిందిరో అని కేక పెట్టింది. ఆ తర్వాత నవ్వు, ముందు ఒక మూల, తర్వాత గేటంతా, తర్వాత వీధంతా. బట్టీవాళ్ళు వర్జ్యంలో బయటికి అడుగుపెట్టరు, చంపినా పెట్టరు. ఆ ఓనరు వర్జ్యంలో తాళం వెయ్యడు, వేస్తే తాళం విప్పే రోజు రాదని వాళ్ళ నాన్న చెప్పి పోయాడు. తిట్టుకోవడంలో పడి ఇద్దరూ గడియ మర్చిపోయారు! చూశాను, పొగ ఉంది, దర్జాగా ఉంది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, రెండూ గొట్టంలోకే పోయాయి.

మెట్ల మీద అడుగులు. దడదడమని రెండేసి మెట్లు, అది మా సిసింద్రీ. వెనక రొప్పుతూ ఒక్కొక్క మెట్టు, అది బీపీ. తలుపు తోసుకుని ఇద్దరూ వచ్చారు, ఇది ఆపరేషన్ గది అని డాక్టరు అంటూనే ఉన్నాడు. నా నోట్లోంచి దూది తీసి కుర్చీ పైకి లేపాడు పాపం, ఇక తప్పదని. నా కూతురు నా ఎదురుగా నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు పోయింది.

"ఈయనకీ నువ్వే పెట్టావా?"

తల ఊపాను. ఊపి, అది చెప్పులు వేసుకుని ఉందో లేదో చూశాను, వెళ్ళిపోతుందేమోనని. అది వెళ్ళలేదు. నన్నే చూస్తూ ఉంది, చూస్తూ చూస్తూ పెదవి కొరుక్కుంది, "ఏమిటే అమ్మా నీ మూతి, అటెటో పోయింది!" అని పక్కున నవ్వేసింది. "వేరే టైం ఇచ్చుంటే ఈయన మాకంటే ముందే తాళం వేసేసేవాడు, తెలుసా."

"వేసేసేవాణ్ణే," అన్నాడు ఓనరు, నర్సమ్మ వేసిన స్టూలు మీద కూలబడి. "మీ అమ్మాయి నన్ను అనరాని మాటలంది. నేనూ అన్నాననుకోండి. రాత్రి షిఫ్టు ఎత్తెయ్యను, మాటలు తేలేదాకా. రోజూ కూర్చుందామంది, సరేనన్నాను." అని రుమాలుతో మెడ తుడుచుకుని, దగ్గి, "కాకపోతేనమ్మా... మా వాళ్ళు ఊరుకోవడం లేదు. ఒకవేళ బెడిసికొడితే తాళానికి ఇంకో గడియ చేతిలో ఉండాలంటున్నారు."

"మావాళ్ళూ అదే పాట," అంది మా అమ్మాయి. "సమ్మెకి ఇంకోటి అడిగి రమ్మన్నారు. ఈసారి దొంగచాటు వద్దు, ఇద్దరి ముందూ చెప్పు. వచ్చే వారం ఏమైనా ఉందా?"

ఉంది. వచ్చే వారం మొదట్లోనే ఉంది, ఇవాళ్టి దాన్ని తలదన్నేది, అంత మంచి గడియ ఏడాదిలో మళ్ళీ రాదు, పంచాంగం తియ్యకుండా చెప్పగలను. తారాబలం, చంద్రబలం, అన్నీ కుదిరాయి. ఓనరు ప్యాంటు వెనక సీసాల పెట్టె దుమ్ము అలాగే ఉంది. మా పిల్ల గుడ్డలకీ అదే దుమ్ము. ఇద్దరూ నా నోటి వంకే చూస్తున్నారు, ఆ నోరేమో నా మాట వినేలా లేదు.

"లేదు," అన్నాను.

"పోనీ ఈ నెలలో?"

"లేదు."

"మరెప్పుడమ్మా?" అన్నాడు ఓనరు.

"ఈ ఏడాదే లేదు," అన్నాను, చొంగ తుడుచుకుంటూ. "తాళానికీ లేదు, సమ్మెకీ లేదు."

ఓనరు ఊపిరి వదిలాడు. బరువు దింపుకున్న కూలీలా భుజాలు కిందికి జారాయి. కానీ నా కూతురు నా ముఖంలోంచి చూపు తియ్యలేదు. దానికి తెలిసిపోయింది. చిన్నప్పటి నుంచీ దానికి నేను చెప్పిన నిజాలు ఎన్ని, ఈ పరీక్ష పోతుందే అంటే పోయింది, వాన వస్తుందే అంటే వచ్చింది, ఒక్కటంటే ఒక్కటి నమ్మిన పాపాన పోలేదు, అంతా కాకతాళీయమే అమ్మా అనేది. ఇప్పుడీ మొట్టమొదటి అబద్ధాన్ని ఊరి మధ్యలో విప్పి ఆరబోస్తుందనుకున్నాను. అది ఓనరు వైపు తిరిగింది.

"విన్నారుగా సార్," అంది, ఎంత గంభీరంగా అందో! "మా అమ్మ నోట మాట వచ్చిందంటే ఇక తిరుగుండదు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, ఒక్కటి తప్పలేదు. ఏడాదంతా మనకి వేరే దారి లేదు. పదండి, కూర్చుని తేల్చుకుందాం."

వెళ్తూ వెళ్తూ నా పాదం ఒక్కసారి గట్టిగా నొక్కి వెళ్ళింది. మెట్ల మీద ఇద్దరి గొంతులూ అప్పుడే మళ్ళీ లేచాయి, ఆయన ఏదో అంటున్నాడు, ఇది కాదంటోంది. నా బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయట, నాకు తెలీనే తెలీదు, నర్సమ్మ దూదితో అద్దింది. డాక్టరు కంగారుపడి దగ్గరికి వంగాడు.

"నొప్పిగా ఉందా అమ్మా?"

లేదన్నాను. ఆ మాట మాత్రం నిజమే.